‘నైస్’: ఒక ఆంగ్ల విశేషణము యొక్క అర్థచరిత్ర

పదముల యర్థములు కాలక్రమమున మాఱునన్నది భాషాశాస్త్రమును చదివిన ప్రతి విద్యార్థియు ఎఱిగిన విషయమే. అర్థసంకోచము, అర్థవ్యాకోచము, అర్థాపకర్షము, అర్థోత్కర్షము అను విభాగములను, వానికి చీర, నూనె, ఛాందసుడు, సభికుడు అను నుదాహరణములను పాఠ్యగ్రంథములు చెప్పుచునే యున్నవి. అయినను ఈ జ్ఞానము పరీక్షాపత్రముల యందు నిలిచిపోయి, కావ్యపఠనమున మనకు తోడుపడుట లేదని మా యనుభవము. పదమునకు వ్యుత్పత్తి చెప్పి, ఆ వ్యుత్పత్త్యర్థమునే నిజమైన యర్థముగా నిలుపుట యొకటి. ప్రాచీన గ్రంథము నందలి పదమునకు నేటి యర్థమును నిశ్శంకముగా అన్వయించుట మఱియొకటి. ఈ రెండు దోషములును వ్యాసములందు, సిద్ధాంతగ్రంథములందు తఱచుగా కానవచ్చుచున్నవి.

వీనిని పరీక్షించుటకు స్వభాషా పదముకంటె మనకు కొంత దూరమైన పదమే మేలని తలచితిమి. ఏలయన, మన పదములపై మనకు గల మమకారము నిష్పాక్షికమైన విచారణకు అడ్డు తగులును. అందుచేత ఆంగ్లమున బాలురు మొదలు వృద్ధుల వఱకు అందఱును దినమునకు పలుమాఱులు వాడు ‘నైస్’ అను విశేషణమును ఈ వ్యాసమునకు వస్తువుగా గైకొంటిమి. ఇంత తేలికగా కన్పట్టు పదమునకు ఇంత వక్రమైన చరిత్ర కలదని మొదట ఎవ్వరును ఊహింపజాలరు.

వ్యుత్పత్తి

‘నైస్’ పదమునకు మూలము లాటిన్ భాష యందలి ‘నెస్కియస్’ అను శబ్దము. ‘నె’ యనునది నిషేధార్థకము. ‘స్కీరె’ యనగా నెఱుగుట. కావున ‘నెస్కియస్’ అనగా ఎఱుగనివాడు, అజ్ఞుడు. విజ్ఞానశాస్త్రమునకు పేరైన ‘సైన్స్’ అను పదము గూడ ఆ ‘స్కీరె’ ధాతువునుండి వచ్చినదే. అనగా ‘సైన్స్’ పదమును ‘నైస్’ పదమును ఒక్క యింటి బిడ్డలు. ఒకటి యెఱుక, మఱియొకటి యెఱుకలేమి. ‘స్కీరె’ ధాతువునకు ఆదిలో కోయుట, వేఱుపఱచుట అను నర్థముండెనని పలువురు భాషాశాస్త్రజ్ఞులు భావించిరి. వేఱుపఱచి చూచుటయే తెలిసికొనుట యన్నమాట. మన ‘వివేక’ శబ్దము గూడ వేఱుచేయుట యను నర్థముగల ధాతువునుండియే పుట్టి జ్ఞానార్థమున స్థిరపడినది. ఈ సాదృశ్యమును బట్టి చూచినచో ‘నైస్’ పదమునకు మూలార్థమునుబట్టి సరియైన తెలుగు ‘అవివేకి’ యగును.

లాటిన్ పదము ప్రాచీన ఫ్రెంచి భాషలో ‘నీస్’ అను రూపమును దాల్చి మూర్ఖుడు, మందమతి యను నర్థములను పొందెను. 1066 నాటి నార్మన్ విజయము తరువాత ఫ్రెంచి పదములు వేలకొలదిగా ఆంగ్లమున ప్రవేశించెను. వానితోపాటు ఈ పదమును 1300 ప్రాంతమునకు ఆంగ్ల గ్రంథములలో కాననగుచున్నది. ఆ దినములలో ఒకనిని ‘నైస్’ అనుట పొగడ్త కాదు, నిష్ఠురమైన తిట్టు. భావార్థకమైన ‘నైసిటి’ యనగా అప్పుడు బుద్ధిహీనత. నేడు అదే పదమునకు సూక్ష్మత, మెలకువ యని యర్థము.

వ్యుత్పత్తి నిర్ణయమున మహాపండితులును పొరపడుదురని చెప్పుటకు కూడ ఈ పదమే సాక్షి. శామ్యూల్ జాన్సన్ 1755లో ప్రకటించిన సుప్రసిద్ధ నిఘంటువున దీనిని ‘మృదువు’ అను నర్థముగల సాక్సను పదమునుండి పుట్టినట్లు చెప్పెను. ఆ నాటికి ‘నైస్’ పదమున సౌకుమార్యార్థము ప్రబలి యుండుటచే, ఆ యర్థమునకు తగిన మూలమును అతడు వెదకుకొనెను. అర్థమును బట్టి మూలమును కల్పించుట, మూలమును బట్టి అర్థమును శాసించుట యను రెండును ఒకే దోషము యొక్క రెండు ముఖములు.

అర్థపరిణామక్రమము

మూర్ఖుడను నర్థమునుండి మనోహరమను నర్థము వఱకు ఈ పదము నడచిన త్రోవ తిన్ననిది కాదు. లోకము తెలియనివాడు మూర్ఖుడు. లోకము తెలియనివాడే సిగ్గరి, బిడియపడువాడు. ఆ విధముగా ‘నైస్’ పదమునకు లజ్జాశీలమను నర్థము పొందెను. వేఱొక వైపున మూర్ఖుడు మితము నెఱుగడు గావున వేషాడంబరము, విలాసము, చాపల్యము అను నర్థములును వచ్చి చేరెను. ఒకే కాలమున ఒకే పదము బిడియమును, చాపల్యమును గూడ తెలుపుచుండెనన్నచో ఆ కాలపు గ్రంథములను చదువువారి కష్టమును ఊహింపవచ్చును. 16, 17 శతాబ్దుల ప్రయోగములలో రచయిత యుద్దేశించిన యర్థ మెద్దియో చెప్పుట కష్టమని ఆక్స్‌ఫర్డు నిఘంటుకారులే యంగీకరించిరి.

బిడియమునుండి అతిశంక, అతిశంకనుండి ప్రతి యల్పవిషయమున పట్టుదల, పట్టుదలనుండి సూక్ష్మపరీక్ష. ఇక్కడనే ఈ పదచరిత్రలోని ముఖ్యమైన మలుపు కలదని మా యభిప్రాయము. అంతవఱకు నిందగా నున్న పదము ఇక్కడ ప్రశంసవైపు తిరిగినది. తగని చోట పట్టుదల చూపువాడు ‘నైస్’ అయినచో, తగిన చోట నిశితమైన దృష్టి చూపువాడును ‘నైస్’ యే. నిందాస్తుతుల నడుమ నున్న ఎడము ఇంత స్వల్పము.

ఈ మలుపు తరువాత మఱియొక వ్యాపారము జరిగినది. అంతకుముందు ఈ విశేషణము ప్రధానముగా మనుష్యునికి చెందినది. అది క్రమముగా వస్తువునకు సంక్రమించెను. నిశితదృష్టి గలవాడు ‘నైస్’. నిశితదృష్టితో తప్ప తెలియరాని భేదమును ‘నైస్’. తుదకు నిశితదృష్టి గలవానికి నచ్చిన వస్తువును ‘నైస్’. ద్రష్ట, దృష్టి, దృశ్యము అను మూడింటికిని ఒకే విశేషణము వర్తించినది. రుచిలో మిక్కిలి పట్టింపుగల వానిని మెప్పించిన భోజనము తప్పక మంచి భోజనమై యుండవలెను. ఇట్లు 18వ శతాబ్దిలో ‘ఇంపైనది’ యను నర్థము ప్రచారమునకు వచ్చి, 19వ శతాబ్దిలో దయగలవాడు, సౌమ్యుడు అను నర్థమును గూడ కలుపుకొని, తక్కిన యర్థములను చాలవఱకు వెనుకకు నెట్టివేసినది. జాన్సను నిఘంటువు ఈ పదమునకు అనేకార్థములను చెప్పినను, నేడు సర్వసాధారణమైన ‘ఇంపు’ అను నర్థమును చెప్పలేదన్నది గమనింపదగిన విషయము.

సాహిత్యసాక్ష్యము

నిఘంటువులు అర్థములను వరుసగా పేర్చును. వానికి ప్రాణము కావ్యములందు తప్ప కానరాదు. చాసర్ మహాకవి (మరణము 1400) ‘ట్రాయిలస్ అండ్ క్రిసేడ్’ అను కావ్యము యొక్క ద్వితీయ భాగారంభమున భాషాస్వభావమును గూర్చి ఒక చక్కని మాట చెప్పెను. వేయి సంవత్సరములలో పలుకుబడి మాఱిపోవుననియు, నాడు విలువ గన్న మాటలు నేడు మనకు వెఱ్ఱివిగను వింతవిగను తోచుననియు, అయినను ఆ నాటివారు ఆ మాటలతోనే వలపులు నెఱపి కృతార్థులైరనియు అచ్చటి తాత్పర్యము. ఆ మాటలు ‘వెఱ్ఱివి’ యని చెప్పుటకు కవి వాడిన విశేషణము ‘నైస్’. పదములు మాఱునని చెప్పిన ఆ వాక్యమునందలి పదమే మాఱిపోయినది. పూర్వుల మాటలు మనకు ‘నైస్’ గా తోచునన్న దానిని నేటి పాఠకుడు నేటి యర్థమున గ్రహించినచో, కవి మాట తలక్రిందులగును. కవి చెప్పిన సత్యము మాత్రము ఆ పొరపాటు చేతనే ఋజువగును.

షేక్‌స్పియర్ నాటకములలో ఈ పదము పలు రూపుల కాననగును. ‘రోమియో అండ్ జూలియట్’ పంచమాంకము ద్వితీయ రంగమున సన్న్యాసి లారెన్సు తాను పంపిన లేఖ రోమియోకు చేరలేదని విని కలవరపడును. ఆ లేఖ ‘నైస్’ కాదనియు, మిక్కిలి ముఖ్యమైన విషయముతో కూడినదనియు అతడు చెప్పును. నేటి యర్థమును బట్టి ‘ఆ లేఖ ఇంపైనది కాదు, గంభీరమైనది’ అని చెప్పికొన్నను వాక్యము పైకి పొసగినట్లే యుండును. పాఠకునకు అనుమానమే కలుగదు. కాని కథను తలచుకొన్నచో ఆ యర్థము నిలువదు. జూలియట్ నిజముగా మరణింపలేదనియు, ఆమె మేలుకొను వేళకు రావలెననియు తెలుపు లేఖ యది. రోమియోకు అంతకంటె ఇంపైన వార్త వేఱొకటి యుండదు. ఇచ్చట ‘నైస్’ అనగా అల్పమైనది, ఉపేక్షింపదగినది. ‘అది తేలికగా తీసికొనదగిన జాబు కాదు’ అనుటయే సన్న్యాసి భావము. ఆ యొక్క జాబు చేరకపోవుటవలననే రెండు ప్రాణములు పోయినవి గదా.

‘అయిదవ హెన్రీ’ నాటకము తుదిరంగమున వివాహమునకు ముందు ముద్దిడుట ఫ్రాన్సుదేశపు కన్యలకు ఆచారము కాదని రాకుమారి చెప్పగా, ‘నైస్’ ఆచారములు మహారాజుల యెదుట తలవంచునని హెన్రీ బదులు చెప్పును. ఇచ్చట ‘చక్కని యాచారములు’ అని తెనిగించినచో రాజు మాటలోని చమత్కారము జాఱిపోవును. మడి కట్టుకొని కూర్చున్న యాచారములని దాని భావము. మిల్టన్ 1634లో ప్రదర్శింపబడిన ‘కోమస్’ అను రూపకమున ఉషస్సునకు ఇదే విశేషణమును కూర్చెను. రాత్రి జరుగు వేడుకలను తొంగిచూచి సూర్యునకు చాడి చెప్పు ఉషస్సు అది. అక్కడ అందమైన ఉషస్సు కాదు, అతిశంకగల ఉషస్సు.

ఇంగ్లీషు విమర్శకుడు సి. ఎస్. లూయిస్ 1960లో వెలువరించిన పదాధ్యయన గ్రంథమున ఇట్టి స్థలములను గూర్చి హెచ్చరించెను. మన మనస్సున పాదుకొన్న నేటి యర్థము పాతవాక్యమున బొత్తిగా పొసగనిచో మేలే. వెంటనే నిఘంటువును చూతుము. అది కొంత పొసగినప్పుడే ప్రమాదము. పైని చెప్పిన లేఖావాక్యము అట్టిదే.

ఒక సంభాషణ: దాని పరీక్ష

‘నైస్’ పదమును గూర్చి మాటలాడినవారందఱును స్మరించు ఘట్టము జేన్ ఆస్టిన్ రచించిన ‘నార్తేంగర్ అబీ’ నవలలో కలదు. ఆమె మరణానంతరము 1817 చివర వెలువడి, ముఖపత్రమున 1818 సంవత్సరమును ధరించిన గ్రంథమిది. పదునాలుగవ ప్రకరణమున నాయిక కేథరిన్, హెన్రీ టిల్నీ, అతని సోదరి ఎలెనర్ వాహ్యాళికి పోవుచుందురు. ఆన్ రాడ్‌క్లిఫ్ రచించిన ‘ఉడోల్ఫో’ నవల (1794) లోకమునందెల్ల మిక్కిలి ‘నైస్’ పుస్తకము కాదా యని కేథరిన్ అడుగును. హెన్రీ ఆ మాట పట్టుకొని, పుస్తకము పొందికగా నున్నదన్నచో అది దాని యట్టకు సంబంధించిన విషయమని యెగతాళి చేయును. ఆదిలో ఈ పదము పొందిక, ఔచిత్యము, సౌకుమార్యము మున్నగు వానిని మాత్రమే తెలుపుచుండెనేమో కాని నేడు ప్రతి దానికిని ఇదియొక్కటే ప్రశంస యైనదని అతడు వాపోవును.

ఈ ఘట్టమును చదివినవారిలో పెక్కురు హెన్రీ పక్షమును వహించిరి. 1926లో ఫౌలర్ వెలువరించిన ఆంగ్ల ప్రయోగకోశము గూడ ఈ పదము అతివ్యాప్తిచే తన వ్యక్తిత్వమును కోల్పోయెనని ఫిర్యాదు చేసినది. ఆ ఫిర్యాదున సత్యము లేకపోలేదు. మంచిదగు ప్రతి వస్తువునకును ఒకే విశేషణమును తగిలించినచో మంచి యందలి తారతమ్యము మఱుగుపడును. మన విద్యార్థుల విమర్శవ్యాసములలో ‘అద్భుతము’ అను పదము పడుచున్న పాటు ఇదే.

కాని హెన్రీ వాదమునందలి చారిత్రకాంశము నిలువదు. అతడు ఆది యర్థమని తలచినది ఆది కాదు; నడుమ వచ్చినది. తన బాల్యమున పెద్దలు వాడిన యర్థమునే అతడు సనాతనమనుకొనెను. ఆది యర్థమునకే పట్టము గట్టుదమన్నచో ‘నైస్’ పుస్తకమనగా మూర్ఖపు పుస్తకమనవలసి వచ్చును. భాషాశుద్ధిని గోరువారు సాధారణముగా చేయు పొరపాటు ఇదియే: తమకు ముందటి తరమునే ఆది యని తలచుట.

రచయిత్రి ఈ విషయమున హెన్రీకంటె సూక్ష్మబుద్ధి గలది. సంభాషణ అతని గెలుపుతో ముగియదు. ఆ పదము నిజమునకు అతనికే చెందవలెననియు, అదియు పొగడ్తగా కాదనియు, అతనికి ‘నైస్’ గుణము మిక్కుటము, వివేకము తక్కువ యనియు ఎలెనర్ చెప్పును. ఇక్కడ ఆమె వాడినది అతిపట్టింపు అను నర్థము. ఒక్క పుటలో మూడర్థములు: కేథరిన్ పలికిన ‘ఇంపు’, హెన్రీ నిలుపగోరిన ‘పొందిక’, ఎలెనర్ యెత్తిపొడిచిన ‘పట్టింపు’. మువ్వురును ఒకరినొకరు సంపూర్ణముగా అర్థము చేసికొనిరి. సందర్భమే వారికి నిఘంటువైనది. ‘నైస్’ గుణమును వివేకమునకు ప్రతియోగిగా నిలిపిన ఎలెనర్ మాట ‘అవివేకి’ యను మూలార్థమునకు దగ్గఱగా పోయి తగులుటయు ఒక విశేషము. అయితే ఆ మూలార్థమును రచయిత్రి యుద్దేశించినదని చెప్పుటకు ఆధారము లేదు. పదచరిత్ర మనకు తెలిసినంతమాత్రమున దానిని రచయిత భావమునకు అంటగట్టరాదు.

మన భాషలలోని సాదృశ్యములు

మూర్ఖత్వమునుండి సౌందర్యమునకు నడచిన పదము ఆంగ్లమున మాత్రమే కలదనుకొనరాదు. సంస్కృతమున ‘ముహ్’ ధాతువునుండి మూఢ, ముగ్ధ అను రెండు రూపములు సిద్ధించును. పుట్టుకచే రెండును సమానములే. కాని మూఢశబ్దము మూర్ఖార్థమునందే యుండిపోగా, ముగ్ధశబ్దము అమాయకము, సుకుమారము, సుందరము అను నర్థములను గడించినది. ‘మేఘసందేశము’న కొండ శిఖరమును గాలి యెత్తుకొని పోవుచున్నదా యని తలయెత్తి చూచు సిద్ధాంగనలను కాళిదాసు ‘ముగ్ధ’ లనెను. అక్కడ ఎఱుకలేమి, అమాయకత్వము, అందము అను మూడర్థములును ఒక్కచోట కూడినవి. పదవ శతాబ్దికి ‘దశరూపకము’న ముగ్ధ యనునది నాయికాభేదమైనది. తెలుగున ‘పాట విని ముగ్ధుడైనాడు’ అనునప్పుడు ఎఱుక తప్పుటయు ఆనందమే యైనది.

ఇందుకు విపరీతమైన ప్రయాణము ‘సిల్లీ’ అను ఆంగ్ల పదముది. దాని ప్రాచీనరూపమునకు ధన్యుడు, భాగ్యవంతుడు అని యర్థము. సజాతీయమైన జర్మను పదము ‘జేలిగ్’ నేటికిని ధన్యార్థమునందే యున్నది. ఆంగ్లమున అది ధన్యుడు, నిర్దోషి, దయనీయుడు, దుర్బలుడు, తెలివిలేనివాడు అని మెట్టు మెట్టుగా దిగినది. మన ‘దేవానాంప్రియ’ శబ్దము చరిత్రయు ఇట్టిదే. కర్నూలు జిల్లా ఎఱ్ఱగుడి శాసనములందును అశోకునకు బిరుదముగా నిలిచిన ఆ పదము, భట్టోజి దీక్షితుల కాలమునకు మూర్ఖవాచకమైనది. తెలుగున ‘అమాయకుడు’ అను పదము నేడు ఆ నడిమెట్టుపై నున్నది. మాయలేనివాడని మెచ్చుటకును, లోకము తెలియనివాడని జాలిపడుటకును దానినే వాడుచున్నాము.

‘నైస్’ పదము తెలుగువారి వాడుకలోనికి వచ్చి పొందిన యర్థములును ఉపేక్షింపదగినవి కావు. పిండి నైసుగా రుబ్బుమనునప్పుడు అది మెత్తదనము. బట్ట నైసుగా నున్నదనునప్పుడు నునుపు. వాడు నైసుగా జాఱుకొన్నాడనునప్పుడు ఎదుటివానికి తెలియకుండ పని చక్కబెట్టుకొను నేర్పు. ఆంగ్లేయుడు నేడు పిండిని నైస్ అనడు. పరభాషలో పుట్టిన పదమునకు మన వంటయిల్లు సొంతముగా నిచ్చిన యర్థమిది. నిఘంటుకారులు దీనిని అన్యదేశ్యమని విడువక ఉదాహరణములతో నెక్కింపవలెను.

ఫలితార్థము

వ్యుత్పత్తి యర్థమును శాసింపదని చెప్పుటకు పాశ్చాత్యుల యొద్దకు పోవలసిన పని లేదు. కుశలశబ్దమును గూర్చిన చర్చ మన యలంకారశాస్త్రమున ప్రసిద్ధము. దర్భలను కోసి తెచ్చువాడని వ్యుత్పత్తి గల ఆ పదము నేర్పరి యను నర్థము నిచ్చుట రూఢిలక్షణ యని మమ్మటుడు చెప్పెను. విశ్వనాథుడు ‘సాహిత్యదర్పణము’న దానిని నిరాకరించెను. పదము పుట్టుటకు నిమిత్తము వేఱు, అది వ్యవహారమున ప్రవర్తించుటకు నిమిత్తము వేఱు అని అతని వాదము. వ్యుత్పత్తియే ముఖ్యార్థమైనచో, గమనార్థక ధాతువునుండి పుట్టిన గోశబ్దము పండుకొన్న యావునకు లక్షణచే తప్ప వర్తింపదు గదా యని అతడు వేసిన ప్రశ్నకు నేటికిని సమాధానము లేదు. ‘నైస్’ చరిత్ర ఆ వాదమునకు మఱియొక యుదాహరణము.

అయినను మన విమర్శరంగమున ఈ న్యాయమును మఱచుచున్నాము. ‘హితముతో కూడినది గావున సాహిత్యము’ అను వాక్యముతో మొదలగు వ్యాసములు లెక్కకు మిక్కిలి. ఆ వ్యుత్పత్తి బలముతో, హితమును చెప్పని కావ్యము సాహిత్యమే కాదని తీర్పు చెప్పుటయు కలదు. సహితశబ్దమునకు కూడియున్నది యను నర్థము సుప్రసిద్ధము. భామహుడు మొదలగు నాలంకారికులు చెప్పినది శబ్దార్థముల కూడిక. కాని మా ఆక్షేపము ఈ వ్యుత్పత్తిని తీసి ఆ వ్యుత్పత్తిని పెట్టవలెనని కాదు. రెండవదియే సరియైనదని తేలినను, సాహిత్యము హితమును గూర్పవలెనా వలదా యను ప్రశ్న దానివలన తేలదు. అది జీవితమును, కావ్యములను చూచి తేల్చుకొనవలసిన ప్రశ్న. ధాతువును విడదీసి దానిని తేల్చినామనుకొనుట, ‘నైస్’ అన్నవానిని లాటిన్ చూపి మూర్ఖుడనుట వంటిది.

పరిశోధకులకు మేము విన్నవించునది స్వల్పము. పాతగ్రంథమున పదము పొసగని చోటనే గాక, సులువుగా పొసగిన చోటను ఒకసారి నిలిచి సందర్భమును పరీక్షింపవలెను. ఒక యర్థము ప్రాచీనమని చెప్పునప్పుడు అది ఏ కాలమునకు ప్రాచీనమో ప్రయోగములతో చూపవలెను. వ్యుత్పత్తిని పదము యొక్క జన్మవృత్తాంతముగా గౌరవింపవలెనే గాని తీర్పుగా వాడరాదు. కవి తన కాలపు మాటతో తన కాలపువారితో మాటలాడినాడు. ఆ మాటను మన కాలపు చెవితో విని, అతడు చెప్పనిదానిని అతనికి అంటగట్టుట అతనికి చేసిన యన్యాయమగును. ఏడువందల యేండ్లలో తిట్టు దీవెనగా మాఱిన ఈ చిన్న యాంగ్ల పదము మనకు నేర్పు పాఠమింతియే.